0.7 వోల్టు ఎక్కడికి పోయింది?

డయోడు కరెంటును ఒక వైపే పోనిస్తుందని ఇంటర్మీడియట్ చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు. కానీ పోనిచ్చే వైపు కూడా అది ఊరికే దారి ఇవ్వదు. సిలికాన్ డయోడు మీద వోల్టేజీ 0.6, 0.7 దాకా చేరేవరకు కరెంటు దాదాపు కదలదు. ఇంటికొచ్చే 230 వోల్టుల సరఫరా శిఖరం దగ్గర 325 వోల్టులుంటుంది కాబట్టి, దాన్ని డీసీగా మార్చేటప్పుడు ఆ 0.7 పోయినా ఎవరూ పట్టించుకోరు. గుండె నుంచి వచ్చే ఈసీజీ సిగ్నల్ ఎత్తు మాత్రం సుమారు ఒక మిల్లీవోల్టు. దాన్ని వంద రెట్లు పెంచినా 0.1 వోల్టే అవుతుంది, డయోడు ఇంకా నిద్ర లేవదు. పోనీ 0.7ను ముందే లెక్కలో కలిపేసుకుందామంటే, అది నిలకడైన సంఖ్య కూడా కాదు. వేడి ఒక డిగ్రీ పెరిగితే సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. జనవరిలో 20 డిగ్రీల దగ్గర సరిచూసి పెట్టిన సర్క్యూటు మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీల దగ్గర 50 మిల్లీవోల్టుల తేడా చూపిస్తుంది.

తరంగాల రూపం దిద్దే రెండు ముఖ్యమైన సర్క్యూట్లు ఈ డయోడు మీదే ఆధారపడ్డాయి. చెరువు నిండాక అలుగు మట్టం దాటిన నీరు పొర్లిపోయినట్టు, క్లిప్పర్‌లో మనం నిర్ణయించిన వోల్టేజీ దాటిన భాగం తరంగంలోంచి తెగిపోతుంది. క్లాంపర్ దేన్నీ తెంచదు. తరంగాన్ని ఉన్నదున్నట్టుగా పైకో కిందికో జరిపి, దాని అంచును మనం చెప్పిన మట్టానికి ఆనిస్తుంది. రెండింటిలోనూ ఆ మట్టం 0.7 వోల్టు అటో ఇటో తప్పుతుంది. డయోడును ఆప్-ఆంప్ (తన రెండు ఇన్‌పుట్‌ల తేడాను ఎన్నో రెట్లు పెంచే యాంప్లిఫయర్ చిప్పు) ఫీడ్‌బ్యాక్ వలయంలో పెడితే ఈ తప్పు పోతుందని, అప్పుడది ఆదర్శ డయోడు అవుతుందని పాఠ్యపుస్తకాలు రాస్తాయి. నా వాదన వేరు. తప్పు పోదు, చోటు మారుతుంది. వోల్టేజీలో చెల్లించాల్సిన మూల్యాన్ని మనం కాలంలో చెల్లిస్తాం.

ముందు ఆప్-ఆంప్ చేసే మేలు చూద్దాం. 1968లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీ తెచ్చిన 741, మన కాలేజీ ల్యాబుల్లో విద్యార్థులకు బాగా అలవాటైన ఆప్-ఆంప్ చిప్పు. దాని గెయిన్ (ఇన్‌పుట్ తేడాను పెంచే రెట్లు) సుమారు 2 లక్షలు. డయోడుకు ఇవతల ఉన్న ఆప్-ఆంప్ అవుట్‌పుట్‌ను కాకుండా, డయోడు దాటాక వచ్చిన వోల్టేజీని ఇన్‌పుట్‌కు తిప్పి పంపామనుకోండి. అప్పుడు ఆప్-ఆంప్ తన రెండు ఇన్‌పుట్‌లూ సమానమయ్యేదాకా అవుట్‌పుట్‌ను పెంచుతూ పోతుంది. డయోడు మింగే 0.7ను అదనంగా తానే భరిస్తుంది. ఆ 0.7ను 2 లక్షలతో భాగిస్తే వచ్చేది 3.5 మైక్రోవోల్టులు, ఇన్‌పుట్ దగ్గర డయోడు వల్ల మిగిలే తప్పు అంతే. (741కు తనదైన ఆఫ్‌సెట్ మామూలుగా 1 మిల్లీవోల్టు ఉంటుంది కాబట్టి, ఆచరణలో హద్దు గీసేది డయోడు కాదు, ఆఫ్‌సెట్.) గెయిన్‌ను కావాలని వదులుకుని దాని బదులు ఖచ్చితత్వాన్ని పొందడమనే ఈ ఆలోచన టెలిఫోన్ లైన్ల కోసం పుట్టింది. బెల్ ల్యాబ్స్ ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ దాన్ని 1927లో కనిపెట్టాడు. ఎలక్ట్రానిక్స్‌లో ఇంతకంటే గొప్ప ఆలోచనలు చాలా తక్కువని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక మూల్యం సంగతి. డయోడు మూసుకున్నప్పుడు ఫీడ్‌బ్యాక్ వలయం తెగిపోతుంది. అడ్డూ అదుపూ లేని ఆప్-ఆంప్ అవుట్‌పుట్ సరఫరా అంచుకు, ప్లస్, మైనస్ 15 వోల్టుల సరఫరా అయితే మైనస్ 13 దాకా, జారిపోయి అక్కడే ఆగుతుంది. తరంగం తిరగబడగానే అది అక్కడి నుంచి ప్లస్ 0.7 దాకా ఎక్కి రావాలి. 741 అవుట్‌పుట్ మైక్రోసెకనుకు అర వోల్టుకు మించి కదల్లేదు కాబట్టి ఈ ప్రయాణానికి 27 మైక్రోసెకన్లు పడుతుంది. 50 హెర్ట్‌జ్ తరంగంలో సగం ఆవర్తం 10 మిల్లీసెకన్లు, అందులో 27 మైక్రోసెకన్లు కంటికి ఆనవు. 20 కిలోహెర్ట్‌జ్ తరంగంలో సగం ఆవర్తమే 25 మైక్రోసెకన్లు. ఆప్-ఆంప్ మేలుకునేసరికి పట్టుకోవాల్సిన భాగం మొత్తం దాటిపోతుంది.

దీనికి మందు ఉంది కదా అనవచ్చు. రెక్టిఫయర్‌లో రెండో డయోడు పెట్టి వలయం ఎప్పుడూ తెగకుండా చూస్తే, అవుట్‌పుట్ మైనస్ 0.7 నుంచి ప్లస్ 0.7 దాకా కదిలితే చాలు. అంటే 2.8 మైక్రోసెకన్లు. మంచి ఉపాయమే. అయినా 20 కిలోహెర్ట్‌జ్ దగ్గర సగం ఆవర్తంలో అది ఇంకా 11 శాతం. అసలు చిక్కు మరోచోట ఉంది. 2 లక్షల గెయిన్ 741కు కొద్ది హెర్ట్‌జ్‌ల దాకానే ఉంటుంది. 10 కిలోహెర్ట్‌జ్ దగ్గర అది 100కు పడిపోతుంది. 0.7ను 100తో భాగిస్తే 7 మిల్లీవోల్టులు. 100 కిలోహెర్ట్‌జ్ దగ్గర గెయిన్ 10, తప్పు 70 మిల్లీవోల్టులు. దాచిపెట్టిన 0.7 తరంగం వేగం పెరిగినకొద్దీ ఇలా కొంచెం కొంచెంగా బయటపడుతుంది. ఇంకా వేగమైన ఆప్-ఆంప్ కొంటే ఈ అంకెలు జరుగుతాయి, లెక్క మాత్రం అదే. డయోడు మెల్లగా తెరుచుకునే మెత్తదనమే కావాలనుకునే చోట్లూ లేకపోలేదు. గిటారు ధ్వనిని చిక్కగా చేసే ఓవర్‌డ్రైవ్ పెడళ్లలో ఫీడ్‌బ్యాక్‌లో పెట్టిన డయోడ్లు తరంగం కొనలను గుండ్రంగా నొక్కుతాయి. అక్కడ కావలసింది కొలత కాదు, నాదం.

క్లాంపర్ విలువ తెలియాలంటే టెలివిజన్‌ను మించిన ఉదాహరణ లేదు. దూరదర్శన్ దశాబ్దాల పాటు వాడిన 625 గీతల పద్ధతిలో ఒక్కో గీత 64 మైక్రోసెకన్లు. వీడియో సిగ్నల్ మొత్తం ఎత్తు 1 వోల్టు. అందులో కింది 0.3 వోల్టు గీత మొదలును తెలిపే సింక్ గుర్తుకు, పై 0.7 వోల్టు బొమ్మకు. ఈ సిగ్నల్ కెపాసిటర్ దాటితే దాని సగటు సున్నాకు వచ్చేస్తుంది. తెర అంతా నల్లగా ఉంటే నలుపు మట్టం సగటుకు 0.02 వోల్టు పైన ఉంటుంది. తెర అంతా తెల్లబడితే అదే నలుపు 0.55 వోల్టు కిందికి దిగుతుంది. బొమ్మకు ఉన్నదే 0.7 వోల్టయితే, నలుపు అంటే ఏమిటన్న ఆనవాలే 0.57 వోల్టు మేర ఊగుతోందన్నమాట. రాత్రి దృశ్యం బూడిదరంగులో కనిపించేది ఇందువల్లే. ఒట్టి డయోడు క్లాంపర్ ఇక్కడ సాయపడదు, నల్లటి తెర మీద సింక్ కొన సగటుకు 0.28 వోల్టే కింద ఉంటుంది కాబట్టి డయోడు తెరుచుకోదు. ఆప్-ఆంప్ క్లాంపర్ తెరుచుకుంటుంది. కానీ సింక్ గుర్తు ఉండేది 4.7 మైక్రోసెకన్లే, 741 మేలుకోవడానికి 27 కావాలి. వోల్టేజీలో గెలిచిన చిప్పు ఇక్కడ కాలంలో ఓడిపోతుంది. అందుకే వీడియోకు వేరే, వేగమైన సర్క్యూట్లు అవసరమయ్యాయి. శిఖరాన్ని పట్టుకునే క్లాంపర్‌కు ఇంకో బలహీనత ఉంది. ఎక్కడి నుంచో ఒక చెత్త స్పైకు వచ్చి కెపాసిటర్‌ను నింపేస్తే, ఆ ఛార్జి దిగేదాకా మట్టం తప్పుగానే ఉండిపోతుంది. మంచి రిసీవర్లలో కొనను వదిలేసి, సింక్ తర్వాత ప్రతి గీతలో క్షణకాలం వచ్చే నలుపు మట్టాన్ని పట్టుకునేది ఈ బెడద తప్పించుకోవడానికే.

ఇప్పుడంతా డిజిటల్ కదా, సిగ్నల్‌ను అంకెలుగా మార్చేశాక సాఫ్ట్‌వేరే కత్తిరించి జరుపుకోవచ్చు కదా అనేది బలమైన ప్రశ్న. ప్రతి గీతలోనూ నలుపు మట్టం ఉంటుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ దాన్ని వెతికి సరిచేయగలదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. అయితే అంకెలుగా మార్చే ఏడీసీ ముందుగా ఆ ఊగులాటను మొత్తం తన పరిధిలో ఇముడ్చుకోవాలి. క్లాంపు లేని 1 వోల్టు వీడియోకు పైకీ కిందికీ కలిపి సుమారు 1.57 వోల్టుల చోటు కావాలి. 8 బిట్ల ఏడీసీలో ఉన్నవి 256 మెట్లే. క్లాంపు ఉంటే వాటిలో 179 మెట్లు బొమ్మకు దక్కుతాయి, లేకపోతే 114. పోయిన 65 మెట్లను ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. పరిధి పెంచకుండా వదిలేస్తే ఏడీసీ తానే మొరటు క్లిప్పర్‌గా మారి తెలుపునో సింక్‌నో కోసేస్తుంది. ఆ కోతకు మట్టం నిర్ణయించింది ఇంజనీరు కాదు. వీడియోను అంకెలుగా మార్చే డీకోడర్ చిప్పుల్లో ఏడీసీకి ముందు ఇప్పటికీ క్లాంపు సర్క్యూటు ఉంటుంది.