చోటు కోసం చూస్తున్న ట్రంబోన్
బరాత్‌లో డీజే హోరు - మూలకు చేరుతున్న ఇత్తడి బూరలు

రెంజల్ : పెళ్లి కుదిరిందంటే ముందు ముహూర్తం, తరువాత వంటవాళ్లు, ఆ వెంటనే బ్యాండు మేళం. రెంజల్, బోధన్ ప్రాంతాల్లో పెళ్లి పెద్దలు ఒకప్పుడు మాట్లాడుకునే వరస ఇది. అడ్వాన్సు ఆలస్యమైతే మంచి మేళం పక్క ఊరికి పోయేది. ఇప్పుడు ఆ వరసలో మేళం స్థానానికి డీజే బండి వచ్చింది. నాలుగు పెద్ద పెట్టెలు, ఒక జనరేటరు, ఒక కుర్రవాడు ఉంటే బరాత్ నడిచిపోతున్నది. పదిమంది ఊపిరి పోసి వాయించే ఇత్తడి బూరలు గోడకు వేలాడుతున్నాయి.

వాటిలో అందరికంటే ముందు కనుమరుగవుతున్నది ట్రంబోన్. అసలే ఇది అన్ని మేళాల్లోనూ ఉండేది కాదు. క్లారినెట్ పాట ఎత్తుకుంటుంది, ట్రంపెట్ అందుకుంటుంది, పెద్ద డ్రమ్ము నడక చెబుతుంది. ట్రంబోన్ మాత్రం కింది స్థాయిలో గంభీరంగా తోడు నిలుస్తుంది. గొట్టాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ వాయించే ఆ మనిషి వెంట పిల్లలు పరుగెత్తేవారు.

మీటలు లేని బూర

పెదవులను అదిరిస్తూ ఊదడం మన కొమ్ముబూరకూ, ట్రంపెట్‌కూ, ట్రంబోన్‌కూ ఒక్కటే. తేడా స్వరం మార్చే పద్ధతిలో ఉంది. కొమ్ముబూరకు మీటలు లేవు, పెదవి బిగువే ఆధారం. ట్రంపెట్‌కు మూడు మీటలు. మీట నొక్కితే గాలి తిరిగే దారి పొడుగై స్వరం దిగుతుంది. ట్రంబోన్‌లో ఆ పనిని జారుడు గొట్టం చేస్తుంది. మామూలు ట్రంబోన్ గొట్టాన్ని మడతలు విప్పి కొలిస్తే సుమారు 9 అడుగులు. జారుడు గొట్టానికి 7 స్థానాలు. ఒక్కో స్థానం దాటితే స్వరం అరమెట్టు దిగుతుంది. ముందుకు పోయేకొద్దీ స్థానాల మధ్య దూరం కొంచెం కొంచెంగా పెరుగుతుంది.

అయితే ఆ స్థానాలకు గొట్టం మీద గుర్తులేమీ ఉండవు. చెవి చెప్పాలి, చెయ్యి వినాలి. వీణకు 24 మెట్లు దారి చూపుతాయి. ఫిడేలుకు ఆ మెట్లు లేవు. ట్రంబోన్ ఫిడేలు జాతి బూర అనవచ్చు. ఒక స్వరం నుంచి మరో స్వరానికి తెగకుండా జారగలదు. మన సంగీతానికి ప్రాణమైన గమకానికి దగ్గరగా వెళ్లగల బూర ఇది.

స్వరాలు కట్టుదిట్టంగా ఉండి జారలేదన్న కారణంగానే హార్మోనియంను ఆలిండియా రేడియో 1940లో నిషేధించింది. ఆ నిషేధం 1971 దాకా సాగింది. ఆ లెక్కన చూస్తే ట్రంబోన్‌కు సభలో అభ్యంతరం ఉండరాదు. అయినా దానికి పీట వేసినవారు కనిపించరు.

ఆఖరున వచ్చి నిలిచింది

ఐరోపాలోనూ ట్రంబోన్ చాలాకాలం ఇలాగే వేచి ఉంది. 15వ శతాబ్దంలో పుట్టిన ఈ వాద్యం చర్చి పాటలకూ, అంత్యక్రియలకూ పరిమితమై ఉండేది. 1791లో మరణించిన మోజార్టు తన చివరి రచనలో, మృతుల శాంతి కోసం రాసిన సంగీతంలో, దీనికి ఒంటరిగా పలికే భాగం ఇచ్చాడు. 1808లో వియన్నాలో వినిపించిన బెథోవెన్ ఐదవ సింఫనీలో మూడు ట్రంబోన్‌లు మొదటి మూడు భాగాలూ మౌనంగా కూర్చుంటాయి. నాలుగవ భాగం మొదలు కాగానే గొంతు విప్పుతాయి. ఆ క్షణంలో సభ అంతా వెలుగు నిండినట్లు ఉంటుంది.

అమెరికాలో ఇది వీధి నుంచి పైకి వచ్చింది. న్యూ ఆర్లియన్స్ నగరంలో నల్లజాతి వారి బ్యాండ్లు శవయాత్రలకూ, ఊరేగింపులకూ వాయించేవి. ప్రచారానికి గుర్రపు బండి ఎక్కి ఊరు తిరిగేటప్పుడు ట్రంబోన్ వాద్యకారుడిని బండి తోక దగ్గర కూర్చోబెట్టేవారు. గొట్టం చాపితే ముందున్న వాడి వీపుకు తగలకూడదు కదా! ఆ బాణీకి ‘టెయిల్‌గేట్’ అంటే బండి తోక అనే పేరే స్థిరపడింది. కిడ్ ఓరీ అందులో ఘనుడు. జాజ్ సంగీతంలో మహామహుడైన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కుర్రతనంలో ఈయన బ్యాండులోనే కార్నెట్ వాయించాడు. తరువాతి తరంలో జె.జె. జాన్సన్ ఎంత వేగం సాధించాడంటే, మీటలున్న ట్రంబోన్‌తో మోసం చేస్తున్నాడేమోనని అనుమానించినవారు కూడా ఉన్నారు.

తాజ్ హోటల్ నుంచి మన వీధికి

మన దేశానికి ఈ బూరలు ఇంగ్లీషు పటాలాలతో వచ్చాయి. సికింద్రాబాదు కంటోన్మెంటు 1806 నాటిది. సైనిక బ్యాండ్లలో ట్రంబోన్ వాళ్లను ముందు వరుసలో నడిపించేవారు. అక్కడా కారణం అదే, గొట్టం చాపడానికి చోటు. సంస్థానాలు బ్యాండ్లు పెట్టుకున్నాయి, తరువాత పెళ్లి మేళాలు వెలిశాయి. మీరట్‌లో నాదిర్ అలీ కంపెనీ 1885లో మొదలైంది. బ్యాండు వాద్యాల తయారీకి ఆ ఊరు దేశమంతటా పేరు పొందింది.

1935లో లియోన్ అబ్బే అనే నల్లజాతి సంగీతకారుడి బృందం బొంబాయి తాజ్ హోటల్‌కు వచ్చి జాజ్ వినిపించింది. వారి వద్దా, తరువాత వచ్చినవారి వద్దా మెళకువలు పట్టిన గోవా వాద్యకారులు సినిమా సంగీతంలో చేరారు. చిక్ చాకొలెట్ అనే ట్రంపెట్ వాద్యకారుడు 1951 నాటి ‘అల్‌బేలా’లో తన బృందంతో తెర మీద కూడా కనిపించాడు. మద్రాసు స్టూడియోల్లో తెలుగు పాటలకూ ఇవే బూరలు పలికాయి. ఆ పాటలను పెళ్లి మేళాలు రేడియోలో విని చెవి పట్టుతో నేర్చుకున్నాయి. అంటే జాజ్ పేరు ఎరుగని మన పల్లె జనం కూడా బరాత్‌లో దాని అడుగుకు చిందులు వేసినవారే!

క్లారినెట్‌కు అందిన పీట

పరాయి వాద్యం మనది కావడం కొత్త కాదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఫిడేలును కర్ణాటక సంగీతానికి తెచ్చారు. ద్వారం వెంకటస్వామి నాయుడు దానితో తెలుగునాట వెలిగారు. క్లారినెట్‌కు ఎ.కె.సి. నటరాజన్, మాండలిన్‌కు పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ సభల్లో గౌరవం తెచ్చారు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సాఫోను విని మనసు పడిన కద్రి గోపాల్‌నాథ్ ఏళ్ల తరబడి దానిని మన రాగాలకు లొంగదీసుకున్నారు. 1994లో లండన్ ప్రోమ్స్ సభలో వాయించారు. 2019లో కన్నుమూశారు. బ్యాండులో విన్న వాద్యమే సభకు ఎక్కిందన్నది గమనించదగిన విషయం.

ట్రంబోన్‌కు అలాంటి గురువు మన దగ్గర ఇంకా దొరకలేదు. కష్టమూ లేకపోలేదు. కొన్ని స్వరాల మధ్య జారుడు తెగుతుంది, త్వరిత గతిలో చెయ్యి అందదు. కానీ ప్రయత్నించే చెయ్యి కావాలంటే ముందు వాద్యం బతికి ఉండాలి.

కాగితం లేని విద్య

ఇక్కడే అసలు చిక్కు. మేళాల విద్య చాలావరకు కాగితం మీద లేదు. తండ్రి వాయిస్తే కొడుకు విని పట్టుకున్నదే. పెళ్లిళ్ల రోజులు పోగా మిగతా నెలల్లో వీరికి కూలి పనే ఆధారం. బోధన్‌లో 1937లో స్థాపించిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరకు డబ్బు చేతికి వస్తే ఈ చుట్టుపక్కల పెళ్లిళ్ల కళే వేరు. 2015లో ఫ్యాక్టరీ మూతపడింది. మరోపక్క డీజే వచ్చింది. కొడుకు బూర పట్టకపోతే ఆ ఇంటి పాటలన్నీ తండ్రితోనే పోతాయి. ఇనుప సామాన్ల కొట్టుకు తూకానికి వెళ్లిన ట్రంబోన్‌ను మళ్లీ కొనవచ్చు. వాయించే చెవిని కొనలేము.

డీజే హోరు మీద విసుగు కూడా పెరుగుతున్నది. 2024 అక్టోబరులో హైదరాబాదు నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. పల్లెల్లో ఎవరి ఉత్తర్వూ అక్కరలేదు. పెళ్లివారు ఎదుర్కోలుకైనా, అప్పగింతలకైనా ఒక గంట మేళం పెట్టించుకుంటే చాలు. కందకుర్తి త్రివేణి సంగమం దగ్గర పండుగ వేళల్లో, బడుల్లో ఆగస్టు 15న మేళం వారిని పిలిచి, పిల్లలకు ఒకసారి బూర చేతికి ఇప్పించవచ్చు. సాంస్కృతిక శాఖ వారు ముసలి వాద్యకారుల చేత వాయింపించి రికార్డు చేయిస్తే ఆ విద్య నిలుస్తుంది.

బండి తోక దగ్గరైనా, పటాలం ముందు వరుసలోనైనా ట్రంబోన్ అడిగింది ఒక్కటే - చెయ్యి చాపినంత చోటు. పెళ్లి పందిట్లో ఆ కాస్త చోటు ఇవ్వడం మన చేతిలోనే ఉంది.