బురదలో ఊపిరి

నెల్లిమర్ల ప్రక్కగా చంపావతి పారుచున్నది. ఆ పరిసరముల పల్లపు మడులలో వరి వారముల తరబడి నీట నిలిచియుండును. అదే మడిలో కంది నాటినచో కొద్దినాళ్లకే చచ్చును. ఈ భేదమేల?

నీటిలో ప్రాణవాయువు గాలిలోకంటె సుమారు 10,000 రెట్లు మందముగా వ్యాపించును. నీరు నిలిచిన ఒకటి రెండు దినములలోనే సూక్ష్మజీవులు మట్టిలోని ప్రాణవాయువును వాడివేయును. పిమ్మట ఇనుము నీట కరగి, మితిమీరిన వేళ్లకు విషమగును. గంధక లవణములనుండి కుళ్లిన గ్రుడ్ల వాసనగల విషవాయువు పుట్టును.

వరి తన ఊపిరిని తానే క్రిందికి తెచ్చుకొనును. ఆకులనుండి వేళ్లవరకు దాని దేహమున గాలిదారులు కలవు. తామరతూడును విరిచినచో కనబడు రంధ్రములవంటివే అవి. వేళ్లనుండి కొంత ప్రాణవాయువు మట్టిలోనికి వెలువడును. అది సోకిన ఇనుము తుప్పుగా మారి వేరుచుట్టు ఎర్రని తొడుగగును. విషము చాలవరకు వెలుపలనే ఆగును.

ఈ రక్షణకును హద్దు కలదు. ఒక దుబ్బును పెరికి చూడుడు. వేళ్లు తెల్లగనో ఎర్రగనో యున్న పైరుకు ఊపిరి ఆడుచున్నది. నల్లబడి దుర్వాసన కొట్టినచో విషము పైచేయి యగుచున్నది. అపుడు నీరు తీసి మడిని కొన్నాళ్లు ఆరనీయవలెను. బడిపిల్లలు సైతము ఈ పరీక్ష చేసి, వేళ్లు చెప్పిన మాటను ఇంట పెద్దలకు తెలుపవచ్చును.