పైకి కనిపించని ఇబ్బంది ఉంటే ఎయిర్‌పోర్టు సెక్యూరిటీలో ఏం చెప్పాలి?

ఉమ్రాకో, గల్ఫ్‌లో ఉన్న కొడుకు దగ్గరికో బయలుదేరే మన పెద్దవాళ్లలో చాలామంది ఒంట్లో ఏదో ఒకటి ఉంటుంది. ఒకరికి మోకాళ్ల మార్పిడి ఆపరేషన్ అయి ఉంటుంది, ఒకరికి గుండెలో పేస్‌మేకర్, ఇంకొకరికి భుజం పట్టేసి చెయ్యి లేవదు. చూసేవాళ్లకు మాత్రం ఏమీ కనిపించదు. ఇంట్లో అందరికీ తెలుసు, సెక్యూరిటీ దగ్గర నిలబడ్డ జవానుకు తెలియదు. చెప్తే తప్ప తెలిసే దారి కూడా లేదు.

శంషాబాద్‌లో తనిఖీ చేసేది సీఐఎస్‌ఎఫ్ వాళ్లు. ముందు మెటల్ డిటెక్టర్ తలుపులోంచి నడవాలి, తర్వాత చేతి మెషీన్‌తో ఒళ్లంతా చూస్తారు. చేతులు రెండూ పక్కలకు చాపి నిలబడమంటారు. భుజం పట్టేసినవాళ్లకు ఇక్కడే నరకం. ఫ్రోజెన్ షోల్డర్ షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువగా వస్తుంది, అంటే మన ఇళ్లలో కొత్త కాదు. చెయ్యి ఎత్తమని వాళ్లు మళ్లీ మళ్లీ అంటారు, వెనక లైన్ పెరుగుతుంది, అమ్మీ సిగ్గుపడి బలవంతంగా ఎత్తేస్తుంది. ఆ నొప్పి ప్రయాణమంతా ఉంటుంది. కాబట్టి మెషీన్ తాకకముందే ఒక్క ముక్క చెప్పాలి: "హాథ్ ఊపర్ నహీ ఉఠ్‌తా, ఆపరేషన్ హువా హై". అక్కడ పనిచేసేవాళ్లలో చాలామందికి హిందీయే సులువు, మన ఉర్దూ ఇక్కడ బాగా పనికొస్తుంది. ఉర్దూ రాని పెద్దవాళ్లయితే కాగితం మీద రాసి చేతిలో పెట్టండి.

మోకాలిలో, తుంటిలో పెట్టేది లోహమే. మెషీన్ కూస్తుంది. కంగారు అక్కర్లేదు, ఎక్కడ ఆపరేషన్ అయిందో చేత్తో చూపిస్తే చాలు. డాక్టర్ సర్టిఫికెట్ ఉంటే తనిఖీ వదిలేస్తారని కొందరు అనుకుంటారు. వదలరు. ఎందుకు కూసిందో త్వరగా అర్థమవుతుంది, అంతే. ఆ చీటీ ఇంగ్లీషులో ఉంటే జిద్దాలో తిరిగొచ్చేటప్పుడు కూడా పనికొస్తుంది.

పేస్‌మేకర్ సంగతి వేరు. తలుపులోంచి మామూలుగా నడిచి వెళ్లిపోతే ప్రమాదం లేదు, దాన్ని ఆనుకుని ఆగిపోకూడదు. చేతి మెషీన్‌ను పేస్‌మేకర్ ఉన్నచోట ఆపి ఉంచకూడదు. ఆస్పత్రివాళ్లు ఇచ్చిన పేస్‌మేకర్ కార్డు ముందే చూపించి, చేత్తో తనిఖీ చేయమని అడగాలి. ఆ కార్డు చెక్-ఇన్ సూట్‌కేసులో పెడితే లాభం లేదు, జేబులోనే ఉండాలి. ఇన్సులిన్ పంపు, చేతికి అంటించుకునే షుగర్ సెన్సర్ ఉన్నవాళ్లు ఎక్స్‌రే, బాడీ స్కానర్ గురించి కంపెనీ ఏం చెప్పిందో ముందే చదువుకోవాలి, కొన్ని రకాలను వాటిలోకి పంపొద్దంటారు. ఇన్సులిన్ మందు మాత్రం చేతి బ్యాగులోనే పెట్టుకోండి, కింద సామాన్ల గదిలో గడ్డకట్టిపోయే ప్రమాదం ఉంది.

పేగు ఆపరేషన్ తర్వాత పొట్టకు సంచీ పెట్టుకున్నవాళ్లు ఈ భయంతోనే ప్రయాణం మానుకుంటారు. మానుకోనక్కర్లేదు. లైన్లోకి వెళ్లేముందే సంచీ ఖాళీ చేసుకుని, మెల్లగా చెప్పి, వేరే గదిలో చూడమని అడగవచ్చు. మార్చుకునే సంచీలు ఇంట్లోనే కత్తిరించి పెట్టుకోండి, కత్తెర చేతి బ్యాగులో పోనివ్వరు. ఆడవాళ్లను ఆడ సిబ్బందే తెర చాటున తనిఖీ చేస్తారు. బురఖా గురించి గానీ, ఒంటి గురించి గానీ చెప్పాల్సింది ఏదున్నా ఆవిడకే చెప్పొచ్చు.

ఇక వీల్‌చైర్. "నమాజ్ నిలబడే చదువుతున్నా కదా, నాకెందుకు" అంటారు అబ్బాలు. నమాజ్‌కు నిలబడటం వేరు, గేటు దాకా అంత దూరం నడవడం, లైన్లో అరగంట నిలబడటం వేరు. విమానయాన సంస్థల దగ్గర దీనికి మూడు కోడ్లు ఉన్నాయి. మెట్లు ఎక్కగలరు, దూరం నడవలేరు అంటే డబ్ల్యూసీహెచ్‌ఆర్. మెట్లు కూడా ఎక్కలేకపోతే డబ్ల్యూసీహెచ్‌ఎస్. అసలు నడవలేకపోతే డబ్ల్యూసీహెచ్‌సీ. ప్రయాణానికి కనీసం 48 గంటల ముందు ఎయిర్‌లైన్‌కు చెప్పాలని డీజీసీఏ నిబంధన. గ్రూపు టికెట్లలో ఏజెంటు "చెప్పేశాం భాయ్" అంటాడు గానీ కోడ్ టికెట్‌లో ఎక్కిందో లేదో మీరే ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేసి కనుక్కోండి. ఎక్కకపోతే ఆ రాత్రి కౌంటర్ దగ్గర వాదించుకోవాల్సింది ముసలివాళ్లే. వీల్‌చైర్‌లో ఉన్నా తనిఖీ ఉంటుంది. లేచి నిలబడలేకపోతే కూర్చోబెట్టే చూడమని అడగండి.

ఇలాంటివాళ్ల కోసమే 2016లో లండన్ గాట్విక్ ఎయిర్‌పోర్టులో ఒక గుర్తు మొదలైంది: ఆకుపచ్చ మెడతాడు, దానిమీద పొద్దుతిరుగుడు పూలు. వేసుకున్నవారికి పైకి కనిపించని ఇబ్బంది ఉందని, కొంచెం ఆగి మాట్లాడాలని సిబ్బందికి అర్థం. మన దగ్గర బెంగళూరు ఎయిర్‌పోర్టు కూడా తెచ్చింది. మీరు ఎక్కే, దిగే ఎయిర్‌పోర్టులో ఉందా అని సహాయ కౌంటర్లో అడగండి. అయితే తాడు వేసుకున్నంత మాత్రాన లైన్ తప్పదు, జబ్బు పేరు దానిమీద ఉండదు.

పిల్లలు చేయగలిగింది ఒకటుంది. సెక్యూరిటీ లోపలికి మీరు వెళ్లలేరు, దువా చేసి బయటే ఆగిపోతారు. అందుకే ముందు రోజు రాత్రి ఇంట్లోనే ఒకసారి చెప్పించి చూడండి: ఏ కార్డు ఏ జేబులో ఉంది, ఏ మాట ముందు అనాలి, చెయ్యి ఎంతవరకు లేస్తుంది. నానీ నవ్వినా సరే.