అవినీతిపై పోరుకు ఇచ్చిన సొమ్ము - దానికి కాపలా

ఒక దేశము వేరొక దేశమునకు, అచటి లంచగొండితనమును రూపుమాపుటకై ధనసహాయము చేయుట మన కాలమున సామాన్యమైనది. అయితే ఆ ధనమునకే కాపలా యెవరు? ఆ కాపలా ఎంతవరకు పనిచేయును? ఈ ప్రశ్నలకు ఆఫ్గనిస్థాన్ అనుభవము నుండి మనము నేర్వవలసినది కలదు.

2002 నుండి 2021 వరకు ఆ దేశ పునర్నిర్మాణమునకు అమెరికా కేటాయించిన మొత్తము సుమారు 14,500 కోట్ల డాలర్లు. ఈ వ్యయము మొదలైన ఆరేండ్లకు, 2008లో, అమెరికా శాసనసభయైన కాంగ్రెసు ఒక ప్రత్యేక తనిఖీ కార్యాలయమును చట్టముచే నెలకొల్పెను. లెక్కలు పరీక్షించుట, మోసములపై దర్యాప్తు జరుపుట, మూడు నెలలకొకమారు కాంగ్రెసునకు నివేదిక సమర్పించుట దానికి విధులుగా నిర్ణయింపబడెను. సహాయము పంచు శాఖల పనిని నిర్మొగమాటముగా విమర్శించు స్వాతంత్ర్యము కూడ దానికి లభించెను.

2016లో ఆ కార్యాలయము వెలువరించిన నివేదిక గమనింపదగినది. ఆ దేశము సక్రమముగా వినియోగించుకొనగలిగిన దానికన్న మిక్కిలి ధనము, తగిన పర్యవేక్షణ లేకుండ, తొందరపాటుతో కుమ్మరింపబడెనని అది తేల్చెను. కంచె చేను మేసిన చందమున, దేశమును నిలబెట్టవలసిన సహాయమే అవినీతిని పెంచి పోషించినది.

అవినీతిని అరికట్టుటకు ప్రయత్నములు జరుగకపోలేదు. అమెరికా తోడ్పాటుతో పెద్ద నేరములను శోధించుటకు ఒక ప్రత్యేక దళము ఏర్పడెను. 2010లో అధ్యక్ష కార్యాలయమునకు చెందిన ఒక అధికారి లంచము కోరెనన్న ఆరోపణపై నిర్బంధింపబడెను. అధ్యక్షుడు హమీద్ కర్జాయి జోక్యముతో ఆ అధికారి కొలది గంటలలోనే విడుదలయ్యెను. ఆ యేడే కాబూల్ బ్యాంకు కుప్పకూలెను. సైనికులకు, ఉపాధ్యాయులకు ప్రభుత్వ జీతములు అందించు ఆ బ్యాంకు నుండి దాదాపు నూరు కోట్ల డాలర్లు, అప్పుల పేరిట, పలుకుబడి గలవారి పాలయ్యెను.

దీనినిబట్టి మనకు తెలియునదేమి? శిక్షణకు, భవనములకు, వాహనములకు రసీదులుండవచ్చును. లెక్క సరిపోవుట వేరు, ఫలము దక్కుట వేరు. కచేరీకి పోయిన పేదవాడు లంచమీయకుండ తన పని జరుపుకొని తిరిగివచ్చెనా యన్నదే అసలు పరీక్ష. తనిఖీ అధికారి దోషమును ఎత్తిచూపగలడు. పరదేశమున దోషిని శిక్షింపలేడు. శిక్షించు సంకల్పము అచటి పాలకులకు, ఆ సంకల్పము లేనిచోట సొమ్మును నిలుపు ధైర్యము దాతకు ఉండవలెను.

2021 ఆగస్టులో ఆ ప్రభుత్వము కూలిపోయెను. కారణములు పెక్కు, ప్రజలకు దానిపై నమ్మకము సడలుట వానిలో ఒకటి. కాపలాదారుని తొలి రూపాయితోపాటే పంపవలెనుగాని, సొమ్ము చెల్లిపోయిన పిదప కాదని మేము తలంచుచున్నాము.