వీధిలో తీసిన బొమ్మకు తాత్పర్యము

ముప్పది యేండ్లకు పైగా బడిలో పద్యములకు తాత్పర్యము చెప్పినవాడను. ఛాయాచిత్రములతో నాకేమి పని యని మీరడుగవచ్చును. మా యూరి రైతొకనికి జరిగిన చిక్కు నన్నీ పనిలోనికి దింపినది.

యాసంగి వడ్లు సూర్యాపేట మార్కెట్టు యార్డునకు వచ్చు దినములవి. ఒక పత్రికలో బొమ్మ పడినది. వడ్లరాశి ప్రక్కన ముసలి రైతు నుదుట చేయి పెట్టుకొని, తల వంచి కూర్చున్నాడు. క్రింద ‘ధర గిట్టక కుమిలిపోవుచున్న అన్నదాత’ అని వ్రాసినారు. అప్పటికి ఆయన బిడ్డకు కోదాడ వైపు సంబంధము మాటలు నడచుచుండెను. ఆ పత్రికను చూచి వరునివారు “తరువాత చూతము” అని కబురంపిరి. రైతు కాగితము పట్టుకొని నా యింటికి వచ్చెను.

“సారూ, వడ్ల కాడ రెండు రాత్రులు జాగారం చేసిన. కాంటా అయినంక జర కునుకు తీసిన. గంతలనే నన్ను ఏడిపించిండ్రు” అనెను.

భూతద్దము తెచ్చి చూచితిని. ఆయన చొక్కా జేబులోనుండి తక్‌పట్టీ కొస తొంగిచూచుచున్నది. తూకము ముగిసి, లెక్క కట్టినగాని ఆ చీటి రైతు చేతికి రాదు. ఎదుటి నేల ఊడ్చినట్లు ఖాళీగా నున్నది. ప్రక్కనున్న రాశి మరియొకరిది. సాక్ష్యమంతయు బొమ్మలోనే యుండెను. వ్రాసినవారును చూడలేదు, చదివిన మేమును చూడలేదు.

తర్కము చదివినవారికి ఈ దోషము తెలిసినదే. కొండమీద పొగను చూచి నిప్పున్నదని యూహింతుము. పొగ నిప్పును విడిచి యుండదు గనుక ఆ యూహ నిలుచును. నుదుటి మీద చేయి యట్టిది కాదు. దుఃఖమున్నచోట నుండును, తలనొప్పి యున్నచోట నుండును, ఎండ తగిలినచోటను, నిద్ర వచ్చినచోటను ఉండును. ఇట్టి గుర్తును మన శాస్త్రకారులు సవ్యభిచార హేతువనిరి. దానిని నమ్మి ఒక మనుష్యునికి అప్పులు అంటగట్టరాదు.

పూర్వము ఈ చిక్కు లేకుండెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థానమున రాజా దీన్ దయాళ్ (1844–1905) తీసిన చిత్రములను చూడుడు. పెక్కింట ఎదుటివారికి తమ బొమ్మ తీయుచున్నారని తెలియును. తలపాగ సవరించుకొని, ఊపిరి బిగబట్టి నిలుచుందురు. తామెట్లు కనబడవలెనో వారే నిర్ణయించుకొనిరి. 1925లో జర్మనీ దేశమున లైకా యను చిన్న కెమెరా అమ్మకమునకు వచ్చిన పిమ్మట, వీధిలో పోవువానిని వానికి తెలియకుండ పట్టుట సులువైనది. ఇప్పుడు చేతిఫోనులతో ప్రతివాడును ఆ పని చేయుచున్నాడు. దానివలన సహజమైన ముఖము దొరకినది, నిజమే. కాని ఆ ముఖమునకు అర్థము చెప్పు అధికారము చూచువాని చేతిలోనికి పోయినది.

సహజముగా కనబడునదంతయు సహజము కాదు కూడ. 1950లో పారిస్ నగరపు వీధిలో ఒక జంట ముద్దాడుచుండగా రొబేర్ డువానో తీసిన చిత్రము లోకప్రసిద్ధము. (మన పెద్దలకు ఆ దృశ్యము రుచింపకపోవచ్చును, విషయము వేరు గనుక క్షమింపుడు.) అది యాదృచ్ఛికమని చూచినవారు నమ్మిరి. 1990 దాటిన తరువాత వ్యాజ్యము వచ్చినప్పుడు, నటన నేర్చుకొనుచున్న యువతీయువకులను కోరి నిలిపి తీసితినని ఆయనయే యొప్పుకొనెను.

అలంకారశాస్త్రమున ధ్వని యని యొకటి కలదు. తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీరమందు ఆనందవర్ధనుడు దానిని విస్తరించి చెప్పెను. మాటకు నేరుగా తోచు అర్థము వాచ్యము. దానివెనుక స్ఫురించునది వ్యంగ్యము. వాచ్యము తెలిసినగాని వ్యంగ్యము తెలియదు. బొమ్మకును అంతే. ఎవరు, ఎచ్చట, ఏ నెల, చేతిలో నేమున్నది, నేలమీద నేమున్నది అనునవి మొదట చూడవలెను. జాలి, కోపము, కథ తరువాతి మాట.

ఇంత చెప్పుచున్న నేనును తప్పితిని. బొమ్మలు తీయు నా పాత శిష్యుడొకడు కోదాడ బస్సు స్టాండులో తీసిన చిత్రము చూపెను. మూట ప్రక్కన పెట్టుకొని ఒక అవ్వ నేలపై కూర్చున్నది. ఒక యువకుడు వెన్ను చూపి పోవుచున్నాడు. “తల్లిని విడిచి పోవుచున్నాడురా, కలికాలము!” అంటిని. వాడు నవ్వి దాని తరువాతి బొమ్మ చూపెను. ఆ పిల్లవాడే రెండు గ్లాసుల చాయతో తిరిగి వచ్చుచున్నాడు. సిగ్గుపడితిని. అప్పటినుండి ఎవరు బొమ్మ చూపినను, దీనికి ముందుది, తరువాతిది కలవా యని అడుగుచున్నాను.

మిర్యాలగూడ రైసుమిల్లు ఎదుట తీసిన మరియొకటి యున్నది. బస్తా వీపుననున్న హమాలి కన్నులు మూసికొని యున్నాడు. బరువునకు నలిగిపోవుచున్నాడని శిష్యుడును నేనును అనుకొంటిమి. పని మానిన వృద్ధ హమాలి యొకడు చూచి, “మోసెటోడు కండ్లు మూస్తడా సారూ? కాలు తట్టుకొని పడడా? దించేటప్పుడు మూస్తడు” అనెను. ఏ శాస్త్రమును నాకా మాట చెప్పలేదు. ఏ పనివాని బొమ్మకు ఆ పనివాడే వ్యాఖ్యాత. మీ యూరి బొమ్మ పత్రికలో పడినప్పుడు, అరుగుమీద కూర్చున్న మీకు తెలిసినంత దాని క్రింద వ్రాసినవారికి తెలియదు. కనుక తప్పు కనబడినచో ఉత్తరము వ్రాయుడు.

మేమును వ్రాసితిమి. ఆ పత్రికవారు లోపలి పుటలో రెండు పంక్తుల సవరణ వేసిరి. దానిని వరునివారు చూడలేదు. నేనే బొమ్మను, భూతద్దమును సంచిలో పెట్టుకొని బస్సెక్కి కోదాడకు పోయితిని. వరుని తాత తక్‌పట్టీ కొసను చాలసేపు చూచి, “కాంటా అయింది” అనెను. శ్రావణములో పెండ్లి జరిగెను. బొమ్మలు తీయువాడు తన వైపు తిరిగినప్పుడెల్ల మా రైతు రెండు చేతులు క్రిందికి దించుకొని నిటారుగా నిలుచుండెను.