"పుట్ అండర్" అను ఆంగ్లక్రియ

ఆంగ్లము నభ్యసించు మన బాలబాలికలకు పెద్ద పదములకంటె చిన్న పదములే యెక్కువ చిక్కు గలిగించును. పెద్ద పదమున కర్థము నిఘంటువులో దొరకును. చిన్న పదములు రెండు జతగూడినపుడో, విడివిడిగా నేర్చిన యర్థములు పనికిరావు. ఇందుకొక నిదర్శనము చెప్పెదను.

కొన్ని యేండ్లక్రిందట మా తరగతి విద్యార్థి యొకడు జాబు చేతబట్టుకొని కన్నీళ్లతో నా యింటికి వచ్చెను. మరునాడు వాని తల్లికి శస్త్రచికిత్స. ఆమెను తొమ్మిదిగంటలకు "పుట్ అండర్" చేయుదుమనియు, మధ్యాహ్నమునకు ఆమె "కమ్ రౌండ్" అగుననియు వైద్యుడు వ్రాసియుండెను. పుట్ అనగా పెట్టుట, అండర్ అనగా క్రింద. "మాస్టరుగారూ, మా అమ్మను మట్టిక్రింద పెట్టుదురా?" అని వాడడిగెను. తండ్రికి ఆంగ్లము రాదు. కుమారుడు చదివి చెప్పినదే ఆ యింటికి ప్రమాణము. ఆ పూట వారి యింట పొయ్యి వెలుగలేదు. నేను వానిని కూర్చుండబెట్టి చెప్పినదే యిక్కడ వ్రాయుచున్నాను.

"పుట్ అండర్" అనగా మత్తుమందిచ్చి రోగికి స్మృతి తప్పించుట. అండర్ అను మాట యిచ్చట మందునకు వశమైయుండుటను దెలుపును. "ది డాక్టర్ పుట్ హర్ అండర్ అనస్థీషియా" అనుట పూర్ణవాక్యము. కడపటి మాటను విడిచి "ది డాక్టర్ పుట్ హర్ అండర్" అన్నను అదే యర్థము. సర్వనామము రెండు మాటల నడుమనే యుండవలెను. "పుట్ అండర్ హర్" అనరాదు. కర్మణిప్రయోగమున "షి వాజ్ పుట్ అండర్" అందురు. రోగియే కర్తయైనచో "షి వెంట్ అండర్" అనవలెను. అయితే "గో అండర్" అనుటకు నీట మునుగుట, వ్యాపారము దివాలా తీయుట అను అర్థములును గలవు; సందర్భమే వానిని వేరుపరచును. తిరిగి తెలివి వచ్చుటకు "కమ్ రౌండ్" అనియు, "కమ్ టు" అనియు వాడుక. "పుట్ టు స్లీప్" అనుటయు గలదు గాని, పశువుల విషయమున దానికి నొప్పి లేకుండ చంపుట యని యర్థము. కావున జాగ్రత్త వలయును. ఇవన్నియు సంభాషణలోని మాటలు. శాస్త్రగ్రంథములలో "అనస్థిటైజ్" అని వ్రాయుదురు.

1846 అక్టోబరు 16వ తేదీన బోస్టను నగరమున మోర్టను అను దంతవైద్యుడు ఈథరు ప్రభావమును బహిరంగముగ జూపెను. స్పర్శజ్ఞానము లేకుండుట యను అర్థముగల గ్రీకుమాటనుండి అనస్థీషియా యను పేరును ఆ సంవత్సరమే ఆలివర్ వెండెల్ హోమ్సు సూచించెను. మరుసటి యేట ఎడింబరోలో సింప్సను క్లోరోఫారమును వాడెను. ఆ మందు క్షేమకరమా యని పరీక్షించుటకు 1888, 1889 సంవత్సరములలో మన హైదరాబాదులోనే విచారణసంఘములు కూడెను. నేడు శస్త్రచికిత్సలో క్లోరోఫారమును వాడరు.

మరునాటి మధ్యాహ్నము ఆ బాలుడు పరుగున వచ్చి, "సర్, షి హాజ్ కమ్ రౌండ్" అనెను. వాక్యములో తప్పు లేదు. ఒక చిన్న మాట తెలియకపోవుటచే ఒక కుటుంబము పస్తుండెను. ఇంట జాబులు చదివి వినిపించు బాలబాలికలారా, తెలియనిచోట ఊహింపక, తెలిసినవారి నడుగుడు.