మెదడు లోతుల్లోని సన్నని నాళాలు, మన ఉప్పు డబ్బా

జపాన్ ఉత్తర భాగంలో అకిటా అని మంచు బాగా కురిసే ప్రాంతం ఒకటుంది. చలికాలంలో అక్కడ పచ్చికూర దొరికేది కాదు. ఉప్పులో ఊరేసిన ముల్లంగి, ఉప్పుచేప, పులియబెట్టిన సోయా ముద్దతో చేసే మిసో పులుసు, వీటితోనే అన్నం. 1950లలో అక్కడ మనిషి రోజుకు తినే ఉప్పు 25 గ్రాములు దాటేది. 1951 నుంచి 1980 దాకా జపాన్‌లో మరణాలకు మొదటి కారణం పక్షవాతమే. అకిటాలో అది మరీ ఎక్కువ, నడివయసు రైతులే కుప్పకూలేవారు. తర్వాత బీపీ పరీక్షలు, మందులు, ఉప్పు తగ్గించే ప్రచారం ఊరూరా వెళ్లాక ఆ మరణాలు బాగా తగ్గాయి.

ఉప్పుకూ పక్షవాతానికీ లంకె ఎక్కడుందో చూడాలంటే మెదడు లోపలికి వెళ్లాలి. శరీరం బరువులో మెదడు 2 శాతమే, గుండె పంపే రక్తంలో మాత్రం సుమారు 15 శాతం దానికే కావాలి. కాలూ చెయ్యీ కదిలించే నరాల తంతువులు మెదడు లోతుల్లో ఒక ఇరుకు చోట దగ్గర దగ్గరగా దిగుతాయి. అక్కడికి రక్తం తెచ్చే నాళాలు చాలావరకు మిల్లీమీటరు మందం కూడా ఉండవు. మామూలుగా నాళం కొమ్మలుగా చీలుతూ సన్నబడేకొద్దీ ఒత్తిడీ తగ్గుతూ వస్తుంది. ఇవి అలా కాదు, పెద్ద ధమని నుంచే నేరుగా పుట్టుకొస్తాయి. పెద్ద కాలువకు తూము పెట్టి నీళ్లన్నీ పిల్లబోదెలోకి వదిలితే గట్టు ఏమవుతుందో డెల్టా రైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఉప్పు ఎక్కువైతే బీపీ పెరుగుతుంది. ఆ బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఈ నాళాల గోడలు మందమెక్కి దారి పూడుకుపోతుంది, లేదా బలహీనపడి చిట్లిపోతాయి. పూడితే చచ్చిపోయే మెదడు భాగం సాధారణంగా 15 మిల్లీమీటర్లకు మించదు. ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోవడానికి అది చాలు.

ఉప్పు చేసే హాని బీపీతోనే ఆగకపోవచ్చు. 2018లో న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలలో ఇయాడెకోలా అనే పరిశోధకుడి బృందం ఎలుకలకు ఉప్పు బాగా పెంచిన మేత పెట్టింది. వాటి పేగుల్లోని రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-17 అనే పదార్థాన్ని ఎక్కువగా వదిలాయి. అది రక్తంలో కలిసి, మెదడు నాళాలు సడలడానికి కావలసిన నైట్రిక్ ఆక్సైడ్‌ను తగ్గించింది. బీపీ పెరగకుండానే మెదడుకు రక్తం తగ్గింది. మామూలు మేతకు మార్చాక కోలుకున్నాయి. అంత ఉప్పు మనుషులు తినరు కాబట్టి దీన్ని నేరుగా మనకు అన్వయించకూడదు.

మనుషుల్లో గట్టి సాక్ష్యం చైనా పల్లెల నుంచి వచ్చింది. 600 గ్రామాలు, దాదాపు 21,000 మంది. అందరూ అప్పటికే పక్షవాతం వచ్చినవాళ్లు, లేదా 60 ఏళ్లు దాటి బీపీ ఉన్నవాళ్లు. సగం ఊళ్లకు మామూలు ఉప్పు బదులు 75 శాతం సోడియం క్లోరైడ్, 25 శాతం పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు. దాదాపు ఐదేళ్లకు ఆ ఊళ్లలో పక్షవాతం 14 శాతం తక్కువగా కనిపించింది. 2021లో ఈ ఫలితం వచ్చింది. సోడియం తగ్గడం ఒక కారణం, పొటాషియం పెరగడం ఇంకో కారణం. ఒంట్లో పొటాషియం చాలకపోతే మూత్రపిండాలు సోడియాన్ని బయటికి పోనివ్వవు.

ఈ పరిశోధన మనకు చాలా దగ్గరది. పాశ్చాత్య దేశాల్లో ఉప్పు ఎక్కువగా ఫ్యాక్టరీ తిండిలో కలిసే వస్తుంది. చైనా పల్లెల్లోలాగే మన ఇళ్లలోనూ వేసేది మన చెయ్యే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే తలగొట్టిన చిన్న చెంచాడు. పప్పు, కూర, చారు కలిస్తేనే అది దాటిపోతుంది. ఆపైన ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ. కల్లుప్పు, సైంధవ లవణం మంచివనే నమ్మకం ఉంది కానీ, అవీ దాదాపు సోడియం క్లోరైడే. ఆవకాయ మానేయమని నేను అనను. ఆవకాయ నంజుకునే పెరుగన్నంలో మళ్లీ ఉప్పు కలపొద్దనే అంటాను.

పొటాషియం తోటకూర, మునగాకు, కందిపప్పు, అరటిపండు, కొబ్బరినీళ్లలో దండిగా ఉంటుంది. ఆకుకూర ఉడికించి నీళ్లు వార్చేస్తే చాలా భాగం ఆ నీళ్లతోనే పోతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లను మాత్రం కూరలు ఉడికించి నీళ్లు వార్చుకోమనే చెబుతారు. వాళ్ల ఒంట్లో పొటాషియం పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. కొన్ని రకాల బీపీ మాత్రలు కూడా పొటాషియాన్ని పెంచుతాయి. అందుకే ఈ రెండు కోవల వాళ్లూ డాక్టరును అడగకుండా పొటాషియం ఉప్పు ప్యాకెట్ కొనకూడదు.